రుజువు భారం ఎవరిది?

మహారాష్ట్ర తహసీలు కచేరీలు ఇచ్చే కాగితాల్లో ఒకదాని పేరు ‘వయ, రాష్ట్రీయత్వ వ అధివాస ప్రమాణపత్ర’. వయస్సు, జాతీయత, నివాసం, ఈ మూడింటికీ కలిపి ఒకే ధ్రువపత్రం. మన తెలుగు చెవికి ‘రాష్ట్రీయత్వం’ అంటే రాష్ట్రానికి సంబంధించినది అనిపిస్తుంది. మరాఠీలో రాష్ట్రమంటే దేశం. మనం రాష్ట్రమనేదాన్ని వాళ్లు రాజ్యమంటారు. పిల్లవాణ్ణి ఇంజనీరింగులోనో వైద్యంలోనో చేర్పించబోయే తండ్రి ఈ కాగితం కోసం వెళ్లి, తాను ఈ దేశం వాడినని, ఈ రాజ్యంలో పదిహేనేళ్లుగా ఉంటున్నానని చూపించుకోవాలి.

నాకు ఉర్దూ లిపి కొంత వచ్చు. అందుచేత భోకర్ తాలూకాలో తెలుగు ఇళ్లవాళ్లు పాత దస్తావేజులు చదివిపెట్టమని తెస్తుంటారు. అలా తెచ్చిన ప్రతివారి వెనుకా ఒకే ప్రశ్న ఉంటుంది: మీరు ఇక్కడ ఎప్పటినుంచి ఉంటున్నారు? భోకర్‌లో తెలుగువారిని ఈ ప్రశ్న అడగడం కొత్త కాదు. నూరేళ్లకు పైగా ఏదో ఒక ప్రభుత్వం, ఏదో ఒక భాషలో అడుగుతూనే ఉంది. ఆ వరుసను ఒకసారి చూస్తే ఈనాటి చిక్కుల మూలం తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో ఈ ప్రశ్నకు ముల్కీ అని పేరు. ముల్కు అంటే దేశం. ఆ దేశం వాడు ముల్కీ, కానివాడు గైర్‌ముల్కీ. సర్కారు కొలువులు ముల్కీలకే దక్కాలన్నది నియమం. 1919 నాటి ఫర్మానాతో అమలులోకి వచ్చిన ముల్కీ నిబంధనల ప్రకారం ముల్కీ కావడానికి కొన్ని దారులుండేవి. పుట్టుకతో కావచ్చు. ముల్కీ భార్య కూడా ముల్కీయే. బయటినుంచి వచ్చినవాడైతే పదిహేనేళ్లు స్థిరంగా ఉండి, సొంత ఊరికి తిరిగి వెళ్లే తలంపు మానుకున్నానని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ పదిహేనేళ్ల గడువే ఈనాటి మహారాష్ట్ర అధివాస పత్రంలో కూడా కనిపిస్తుంది. ఒకదాన్ని చూసి మరొకటి రాశారని నేను అనడం లేదు, కాని మన ఇళ్లలో తాతకూ మనుమడికీ అదే లెక్క వర్తించింది.

అయితే ఆ రోజుల్లో భోకర్ తెలుగువాడు గైర్‌ముల్కీ కాడు. నాందేడు, నిజామాబాదు, ఆదిలాబాదు అన్నీ ఒకే రాజ్యం. భైంసా నుంచి పిల్లను తెచ్చుకున్నా, బోధనుకు పిల్లనిచ్చినా సరిహద్దు దాటినట్టు కాదు. ఇంట్లో తెలుగు, సంతలో మరాఠీ, పై కచేరీలో ఉర్దూ. కచేరీ భాష రాని కష్టం అందరికీ సమానంగా ఉండేది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఆనాటితో నిజాం ప్రజ భారత పౌరుడయ్యాడు. రాజ్యాంగం అయిదవ అధికరణం అడిగింది కొంచెమే. భారత భూభాగంలో స్థిరనివాసం ఉండాలి. దాంతోపాటు ఇక్కడ పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రులలో ఒకరు ఇక్కడ పుట్టి ఉండాలి, లేదా అంతకు ముందు అయిదేళ్లుగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి. ఇంటింటికీ కాగితం ఇవ్వలేదు, ఎవరినీ వరుసలో నిలబెట్టలేదు. భోకర్‌లో పొలం దున్నుకునే మనిషి ఆ రోజు ఉదయం తనకు తెలియకుండానే పౌరుడయ్యాడు. ఆ ఉదారత గొప్పదే. కాని కాగితం ఇవ్వని ఆ హక్కుకు తరువాతి తరాలు కాగితం చూపవలసి వచ్చింది.

ఆపైన 1956 వచ్చింది. మన చరిత్రకు కీలకమైన ఘట్టం ఇదే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాదును మూడు ముక్కలు చేసిందని అందరికీ తెలుసు. ఆ కోత ఎంత సన్నగా సాగిందో చాలామందికి తెలియదు. నాందేడు జిల్లాలోని ముధోల్ తాలూకా నుంచి ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్లను, దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. ముధోల్ తాలూకాలోనిదే అయిన ధర్మాబాదు ఇటే ఉండిపోయింది. ఆదిలాబాదు జిల్లా నుంచి కిన్వట్, రాజూరా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు బొంబాయి రాష్ట్రానికి వచ్చాయి. అంటే గీత జిల్లాల మధ్యన కాదు, తాలూకాల లోపల నుంచి పోయింది. భోకర్ ఆ గీతకు ఇవతలి పక్కన పడింది. 1960 మే 1న బొంబాయి రాష్ట్రం విడిపోయి మహారాష్ట్ర ఏర్పడింది.

భైంసాలో 1940ల్లో పుట్టిన ఒక స్త్రీని ఊహించుకోండి. ఆమె పుట్టింది నాందేడు జిల్లా, హైదరాబాదు రాజ్యంలో. ఆమె ఊరు 1956లో ఆదిలాబాదు జిల్లా, ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 నుంచి తెలంగాణ. 2016 నుంచి నిర్మల్ జిల్లా. ఆమె పెళ్లయి భోకర్ వచ్చింది పునర్విభజనకు ముందయితే జిల్లా దాటలేదు. తరువాత అయితే పక్క రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి. ఊరు అదే, బండి బాట అదే. మారింది సంవత్సరం ఒక్కటే.

ఈ తేడా ఎక్కడ బయటపడుతుందంటే కులధ్రువపత్రం దగ్గర. మహారాష్ట్రలో ఆ పత్రానికి ఒక్కో వర్గానికి ఒక్కో తేదీ ఉంది. షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులకూ సంచార జాతులకూ 1961 నవంబరు 21, ఇతర వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబరు 13. ఆ తేదీనాటికి కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపాలి. ఆ తరువాత వచ్చినవారు వలస వచ్చినవారు. వారికి పుట్టిన రాష్ట్రం పేరు మీద పత్రం దొరకవచ్చు గాని ఇక్కడి రిజర్వేషను దొరకదు.

ఈ సూత్రాన్ని 1990లో సుప్రీంకోర్టు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే స్థిరపరచింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా తొమ్మిదో ఏట బొంబాయి చేరిన కుర్రవాడు వైద్య కళాశాలలో తెగల కోటా కింద సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో తెగగా గుర్తింపు ఉన్నంత మాత్రాన మరో రాష్ట్రంలో ఆ హక్కు రాదని తీర్పు. 2018లో రాజ్యాంగ ధర్మాసనం దీన్నే సమర్థించింది. ఇక్కడి వెనుకబాటు వేరు, అక్కడి వెనుకబాటు వేరు అన్న ఆ తర్కాన్ని తెనాలి, బొంబాయిల విషయంలో అర్థం చేసుకోవచ్చు. భైంసా, భోకర్‌ల విషయంలో ఎలా అర్థం చేసుకోవాలి? 2003లో ఇటువంటి ప్రశ్నే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా నుంచి విదర్భకు వచ్చిన ఉద్యోగి కేసు అది. 1956కు ముందు ఆ రెండూ ఒకే రాష్ట్రం. అటువంటప్పుడు వలస సూత్రాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయవచ్చా అన్నది ఆలోచించవలసిన ప్రశ్నేనని న్యాయస్థానం అంగీకరించింది. మనిషి కదలడం వేరు, గీత కదలడం వేరు అన్న స్పృహ అక్కడ కనిపిస్తుంది. దాన్ని తాలూకా కచేరీ దాకా తీసుకురావలసిన పని మిగిలే ఉంది.

తేదీ సరే, ఆనాటి రుజువు ఎక్కడ ఉంటుంది? నిజాం కాలపు పల్లెలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అని ముగ్గురు ఉండేవారు. శిస్తు లెక్క పట్వారీది, జనన మరణాల కబురు పోలీసు పటేలు పైకి పంపాలి. మహారాష్ట్రలో ఆ జనన మరణాల పుస్తకాన్నే ఇప్పటికీ ‘కొత్వాల్ బుక్’ అని వాడుకగా అంటారు. దాంతోపాటు 1954 నాటి ఖాస్రా పహాణీ, బడిలో చేర్చుకున్నప్పటి, వదిలిపోయినప్పటి రిజిష్టరు. మామూలు ఇంటికి ఇవే ఆధారం. వీటిలో కొన్ని ఉర్దూలో, కొన్ని మోడీ లిపిలో, కొన్ని దేవనాగరిలో ఉంటాయి. తెలుగు మాట్లాడే ఇంటి సంగతి తెలుగులో దొరకడం భోకర్ వైపు అరుదు.

తేదీలు మరో చిక్కు. నిజాం కచేరీ ఫసలీ సంవత్సరం వాడేది. అది ఆజూరు నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫసలీకి 590, జనవరి నుంచి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1352 ఫసలీ అంటే 1942-43. ఉర్దూ అంకెలు కనబడగానే అది హిజ్రీ అనుకున్నవారికి అదే 1352 దాదాపు 1933 అవుతుంది. ఒక్క పొరపాటుతో మనిషికి పదేళ్ల వయసు పెరుగుతుంది. తండ్రికీ కొడుక్కీ మధ్య ఉండవలసిన ఎడం పోయి, వంశవృక్షమే తప్పుడుదని తేలుతుంది. నా చేతికి వచ్చిన కాగితాల్లో ఇలా లెక్క తప్పినవి ఉన్నాయి. తప్పు అనువదించినవాడిది. తిరిగింది దరఖాస్తుదారు.

పేర్ల సంగతి చెప్పనక్కరలేదు. మనం ఇంటిపేరు చివర ‘వారు’ అంటే మరాఠీ పుస్తకంలో అది ‘వార్’ అయింది. పాత ఉర్దూ పుస్తకంలో ఇంటిపేరే లేదు, మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే ఉంటాయి. కులం గడిలో ఒకచోట కులం, ఒకచోట వృత్తి, మరోచోట ‘తెలంగ’ అని భాష. రాసినవాడికి ఏది తోస్తే అది. నాందేడు ప్రాంతంలో ఏళ్లతరబడి నలిగిన మన్నేర్‌వార్లు, మున్నూర్‌వార్ వివాదానికి మూలం కొంత ఇక్కడే ఉంది. మొదటిది షెడ్యూల్డు తెగ, రెండోది ఆ జాబితాలో లేని కులం. రెండూ తెలుగు పేర్లే, మరాఠీ చెవికి ఇంచుమించు ఒకటిగానే వినిపిస్తాయి. పేరు పోలికను ఆసరా చేసుకున్నవారు ఉన్నారు. నిజంగా ఆ తెగకు చెంది, అనుమానపు చూపుకు గురయినవారూ ఉన్నారు. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు పరిశీలనా సంఘాలు ఏర్పాటు చేయమన్నది. 2000లో చేసిన మహారాష్ట్ర కులధ్రువపత్రాల చట్టం ఎనిమిదో సెక్షనులో రుజువు భారం దరఖాస్తుదారుదేనని స్పష్టంగా రాసింది. దొంగ పత్రాలు అసలు తెగలవారి నోటికాడి ముద్ద లాక్కుంటాయి కనుక పరిశీలన అవసరం. నా ప్రశ్న పరిశీలన గురించి కాదు. ప్రభుత్వం తన చేత్తో రాసి, తన బీరువాలో పెట్టుకున్న పుస్తకాన్ని వెతికి తెచ్చే పని పౌరుడిది ఎలా అయింది?

విదేశీయుల చట్టంలోనూ ఇదే పద్ధతి. 1946 నాటి చట్టం తొమ్మిదో సెక్షను, తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే పెట్టింది. 2025లో దాని స్థానంలో వచ్చిన వలస, విదేశీయుల చట్టం కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర పట్టికలో పందొమ్మిది లక్షలకు పైగా జనం పేర్లు లేవు. అదంతా బంగ్లాదేశ్ సరిహద్దు గొడవ, మనకేమిటి అనుకోవచ్చు. కాని సంగతి భోకర్ వంటి చోట్లకూ జనన నమోదు దారిలో వచ్చింది.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, మహారాష్ట్రలో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో కబురు చెప్పాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మంత్రసాని చేతిలో పుట్టిన బిడ్డల కాలంలో పల్లెల్లో ఈ ఇరవై ఒక్క రోజుల సంగతి ఎందరికి తెలుసు? బడిలో పంతులు వేసిన తేదీయే పుట్టినరోజు. 2023లో చట్టాన్ని సవరించి, ఆ అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి జనన పత్రమే పుట్టిన తేదీకీ, స్థలానికీ ఆధారమని నిర్ణయించారు. ఏడాది దాటిన నమోదుకు ఉత్తర్వు ఇచ్చే అధికారం న్యాయస్థానం నుంచి జిల్లా, ఉపవిభాగ మేజిస్ట్రేట్లకు, వారు అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేట్లకు మారింది.

2025 జనవరిలో, పరదేశీయులు ఈ దారిన పత్రాలు పొందుతున్నారన్న ఆరోపణలు లేచాయి. మహారాష్ట్ర ప్రభుత్వం ఆలస్యపు నమోదులు నిలిపివేసి ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. మార్చిలో కొత్త విధానం వచ్చింది, పోలీసుల అభిప్రాయం కూడా తీసుకోవాలన్నారు. తరువాత అదే ఏడాది, నాయబ్ తహసీల్దార్లు ఇచ్చిన ఉత్తర్వులు అధికారం లేకుండా ఇచ్చినవని చెప్పి వాటి మీద పుట్టిన పత్రాలను రద్దుచేయమన్నారు. అధికారి తన అధికార పరిధి తెలియక సంతకం చేస్తే, చెల్లకుండా పోయింది పౌరుడి పత్రం. వారిలో మోసగాళ్లు ఉంటే ఉండవచ్చు. వయసు మళ్లాక పింఛను కోసమో, పిల్లల బడి కోసమో దరఖాస్తు పెట్టుకున్న మామూలు మనిషి మాటేమిటి? ఆయన మళ్లీ మొదటికి వచ్చాడు, ఈసారి పోలీసు ఠాణా మీదుగా.

ఈ భారాన్ని ప్రభుత్వం మోయలేదా? మోయగలదు. అందుకు సాక్ష్యం మన కళ్లముందే ఉంది. మరాఠా ఉద్యమం దరిమిలా 2023 సెప్టెంబరులో విశ్రాంత న్యాయమూర్తి సందీప్ శిందే అధ్యక్షతన మహారాష్ట్ర ఒక సంఘాన్ని వేసింది. మరాఠ్వాడాలో నిజాం కాలపు దస్త్రాలలో కుణబీ నమోదులు వెతకడం దాని పని. ఆ సంఘం ఉర్దూ, మోడీ దస్త్రాలు చదివించింది, హైదరాబాదుకూ వెళ్లింది. 2025 సెప్టెంబరు 2న హైదరాబాదు గెజిటీర్‌ను ఆధారంగా తీసుకుంటూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తలాఠీ, గ్రామసేవక్, సహాయ వ్యవసాయాధికారులతో ఊరి స్థాయిలోనే విచారణకు ఏర్పాటు చేసింది. ఆ ఉత్తర్వు మంచిచెడ్డల మీద బొంబాయి హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. ఆ తగవులోకి నేను పోను. నేను గమనించిన సంగతి ఇంతే: అడిగేవారికి బలముంటే బీరువా తాళాలు తెరవడానికి ప్రభుత్వమే కదులుతుంది. లిపి చదివేవాణ్ణి తనే పిలుస్తుంది, పక్క రాష్ట్రానికి అధికారులను తనే పంపుతుంది. అవే బీరువాల్లో, అవే పుస్తకాల్లో, కుణబీ పేరుకు పక్క వరుసలోనే మన తాతల పేర్లూ ఉన్నాయి.

భాషా అల్పసంఖ్యాకులకు ఒక కాగితం మీద ఎన్నో రక్షణలున్నాయి. 1956 నాటి మెమొరాండం, జనాభాలో పదిహేను, ఇరవై శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ ఉండాలన్నది. రాజ్యాంగం 350-బి అధికరణం కింద ఒక ప్రత్యేకాధికారి ఉన్నాడు. బడుల గురించి, పుస్తకాల గురించి మన సంఘాలు ఆయనకు అర్జీలు పెట్టుకున్నాయి. దస్త్రాల గురించి మాత్రం మనం అడగలేదు. ఇక 2015 నాటి మహారాష్ట్ర లోకసేవా హక్కు చట్టం, గడువులోగా పత్రం ఇవ్వని అధికారి మీద అప్పీలు చేసుకునే వీలు కల్పించింది. అయిదువందల నుంచి అయిదువేల రూపాయల దాకా జరిమానా ఉంది. మంచి చట్టమే. అది లెక్కపెట్టేది రోజులను. దరఖాస్తును ‘ఆధారాలు చాలవు’ అని గడువులోపలే తిరస్కరిస్తే కచేరీ పని సకాలంలో ముగిసినట్టే.

కనుక మనం అడగవలసినవి మూడు. మొదటిది, నాందేడు జిల్లా నిజాం కాలపు జనన మరణాల పుస్తకాలను, ఖాస్రా పహాణీలను, బడి రిజిష్టర్లను కులం చూడకుండా ఊరి వరుసన చదివించి, తేదీలను సరిగా మార్చి, ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. రెండోది, 1956లో అటు పోయిన అయిదు సర్కిళ్ల దస్త్రాల కోసం మహారాష్ట్ర కచేరీయే తెలంగాణ కచేరీకి రాయాలి. పదిహేను రోజులు కూలి మానుకుని ముసలివాళ్లు నిర్మల్, కామారెడ్డి తిరగనక్కరలేదు. మూడోది, అధికారి తప్పువల్ల రద్దయిన పత్రాలను అధికారులే, దరఖాస్తుదారుని మళ్లీ పిలవకుండా, పునఃపరిశీలించాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో ఉర్దూ కాగితముంటే దాన్ని చదవగల తరం వెళ్లిపోకముందే చదివించండి. మూలంలో ఉన్న ఫసలీ తేదీని ఉన్నట్టే రాసి, పక్కన ఇంగ్లీషు తేదీ వేయించండి. ఇంటికి వచ్చిన కోడళ్ల పుట్టింటి కాగితాల నకళ్లు వాళ్ల అన్నదమ్ములు బతికుండగానే తెప్పించుకోండి. భోకర్ తాలూకాలో ఇప్పటికి ముప్ఫైకి పైగా ఇళ్ల కాగితాలు ఇలా చదివి రాశాను. వాటిలో సగానికి పైగా ఇళ్లలో అసలు ఆ కాగితం ఏమిటో ఎవరికీ తెలియదు, పెద్దలు దాచారు కనుక దాచారు. ఒక ఇంట్లో పొలం పత్రమనుకుని దాచుకున్నది తీరా చదివితే, 1349 ఫసలీలో, అంటే 1939-40లో, ఆ ఇంటి పెద్దాయన భోకర్ బడిలో చేరినట్టు పంతులు ఇచ్చిన చీటీ. దాంతో మనుమరాలి దరఖాస్తు ముందుకు కదిలింది.